చిన్న కాలేజీ సైన్సుకు తొలి ఏడాది దక్కాలి

2040 నాటికి దేశంలోని ఉన్నత విద్యాసంస్థలన్నీ 3,000 మందికి తగ్గని విద్యార్థులతో, అన్ని విభాగాలూ ఉన్న సంస్థలుగా ఎదగాలని 2020 జాతీయ విద్యా విధానం లక్ష్యం పెట్టుకుంది. దాదాపు అదే సమయంలో, 2019-20లో, కేంద్రం చేయించిన అఖిల భారత ఉన్నత విద్యా సర్వేలో 3,000 దాటిన కాలేజీలు 4 శాతమే తేలాయి. వంద మంది కూడా లేనివి 16.6 శాతం. 18-23 ఏళ్ల వయసువారు లక్ష మందికి దేశంలో సగటున 30 కాలేజీలుంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆ సంఖ్య యాభై దాటింది. చిన్న కాలేజీలు దండిగా ఉన్న రాష్ట్రాలు మనవి. 3,000 గీత అమలుకు వస్తే ముందుగా కోత పడేదీ ఇక్కడే.

ఆ గీత దగ్గర నిలబడి చూసేవారికి చిన్న పట్టణంలో పన్నెండు పదిహేను మందితో నడిచే బీఎస్సీ ఫస్టియర్ క్లాసు ఒక లోపంగానే కనిపిస్తుంది. ఇన్ని జీతాలు, ఇంత ల్యాబు, ఇంతమందికేనా అనిపిస్తుంది. తెలంగాణలో ఏటా అడ్మిషన్లు ముగిశాక ఒక్కరూ చేరని డిగ్రీ కాలేజీలు పదుల సంఖ్యలో ఉన్నాయని వార్తలు వస్తూనే ఉన్నాయి. అలాంటి చోట్ల తాళం వేయడంలో తప్పు లేదు. కానీ పిల్లలు ఉన్న చోట, పన్నెండు మందే ఉన్నా, లెక్క వేరేగా వేయాలి. సైన్సు నేర్చుకోవడం మొదలుపెట్టే కుర్రాడికి పన్నెండు మంది క్లాసును మించిన అదృష్టం ఉండదు. చిన్నతనం ఆ కాలేజీ జబ్బు కాదు. అక్కడి విద్యార్థికి దక్కాల్సిన తొలి ఏడాదిని మనమే ముక్కలు చేసి పంచేస్తున్నాం. ఒక ముక్క అడ్మిషన్లకు, ఒకటి ఖాళీ పోస్టులకు, ఒకటి బస్సులకు.

ముందుగా ఆ క్లాసులోకి వస్తున్నది ఎవరో చూడాలి. ఇష్టపడి బీఎస్సీ ఎంచుకున్నవారు కొందరే. ఎంసెట్‌లో, ఇప్పటి ఈఏపీసెట్‌లో, ర్యాంకు దూరంగా వచ్చినవాళ్లు, నీట్‌కు లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుంటూ సంవత్సరం ఖాళీగా కనబడకుండా డిగ్రీలో పేరు రాయించుకున్నవాళ్లు, ఊరు దాటి పంపడానికి ఇంట్లో ఒప్పుకోని ఆడపిల్లలు ఎక్కువ. “ఇంజినీరింగ్ సీటు రాలేదా?” అనే బంధువుల ప్రశ్నతోనే వాళ్ల డిగ్రీ మొదలవుతుంది. ఆ ప్రశ్న లెక్చరర్ల గదిలోనూ మరో రూపంలో వినిపిస్తుంది. చివరి విడత ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అయ్యేదాకా వీళ్లలో ఎవరు ఉంటారో ఎవరు పోతారో చూద్దాం అంటారు. అప్పటిదాకా పాఠం గట్టిగా ఎత్తుకోరు. ఉండిపోయే పిల్లలు వెళ్లిపోయేవాళ్ల కోసం ఎదురుచూడాలన్నమాట!

ఇంటర్ రెండేళ్లు వీళ్లు ఏం చేసి వచ్చారన్నది కూడా ముఖ్యం. ప్రాక్టికల్స్‌లో 30కి 30 తెచ్చుకున్నవారిలోనూ బ్యూరెట్ కొళాయిని చుక్క చుక్కగా వదలడం రానివారు కనబడతారు. చాలా జూనియర్ కాలేజీల్లో ల్యాబు తలుపులు తెరుచుకునేది పరీక్షకు ముందు వారం పది రోజులే. నీలంగా ఉంటే కాపర్ సల్ఫేట్ అని రంగు చూసి సాల్టు పేరు చెప్పేయడం, తర్వాత టెస్టులన్నీ ఆ పేరుకు తగ్గట్టు రాసేయడం అక్కడ నేర్చిన విద్య. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టడానికి తయారైన బుర్ర అది. జవాబు ముందుగా ఎవరికీ తెలియని ప్రశ్న ఎలా ఉంటుందో ఆ పిల్లలు ఇంకా చూడలేదు. డిగ్రీ ఫస్టియర్ చేయాల్సిన పని అదే, ఆ ప్రశ్నను వాళ్ల ముందు పెట్టడం.

దానికి ల్యాబులో ఒక్క పూట చాలు. భౌతికశాస్త్రం ఫస్టియర్‌లో దాదాపు ప్రతి కాలేజీలోనూ చేసే కాంపౌండ్ పెండ్యులం ప్రయోగాన్ని తీసుకుందాం. మీటరు పొడవు కడ్డీ, పొడవునా రంధ్రాలు. ఒక్కో రంధ్రం దగ్గర కత్తి అంచు మీద వేలాడదీసి, చిన్నగా ఊపి, 20 డోలనాలకు ఎంత సమయం పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూడాలి. చివరి రంధ్రాల దగ్గర 32 సెకన్లు పడుతుంది. మధ్యకు వచ్చేకొద్దీ కొంత తగ్గి, గరిమనాభికి బాగా దగ్గరైతే కడ్డీ బద్ధకంగా ఊగుతుంది, సమయం పెరిగిపోతుంది. గ్రాఫు గీస్తే అటూ ఇటూ రెండు వంపులు వస్తాయి. వాటిని అడ్డంగా కోసే గీత నుంచి పొడవు తీసుకుని, సూత్రంలో వేస్తే గురుత్వ త్వరణం ‘జీ’ రావాలి. మన ప్రాంతంలో అది సెకనుకు సెకనుకు 978 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది.

చాలామందికి మొదటిసారి 1,080 పైన వస్తుంది. ఎందుకంటే కడ్డీ వదిలిన క్షణాన స్టాప్‌వాచ్ నొక్కుతూ “ఒకటి” అనేస్తారు. “సున్నా” అనాలి. ఒకటితో మొదలుపెట్టి ఇరవై దగ్గర ఆపితే నడిచింది 19 డోలనాలే, భాగించింది మాత్రం 20తో. డోలన కాలం 5 శాతం తగ్గుతుంది, సూత్రంలో దాని వర్గం ఉంది కాబట్టి ‘జీ’ దాదాపు 11 శాతం పెరుగుతుంది. ఇందులో అందమైన చిక్కు ఇంకొకటుంది. ప్రతి రీడింగులోనూ అదే తప్పు జరుగుతుంది కాబట్టి గ్రాఫు చెడదు. రెండు వంపులూ నున్నగా, పుస్తకంలో బొమ్మలాగే వస్తాయి. బొమ్మ ఎంత బాగున్నా జవాబు తప్పు! కాగితం మీద ఎంత వెతికినా ఆ తప్పు దొరకదు. ప్రయోగం చేస్తున్న పిల్ల పక్కన ఎవరో నిలబడి, ఆమె నోట “ఒకటి” అన్న మాట ఏ క్షణాన వచ్చిందో వినాలి.

అరవై మంది ఉన్న ల్యాబులో ఆ మాట ఎవరికీ వినబడదు. పన్నెండు మంది ఉన్నచోట వినబడుతుంది. చిన్న కాలేజీకి ఉన్న ఆస్తి ఇదే. దీన్ని 3,000తో ఎలా కొలుస్తారో నాకు తెలియదు.

మరి జరుగుతున్నదేమిటి? 1,086 వచ్చిన పిల్ల రబ్బరు తీసుకుంటుంది. సీనియర్ రికార్డు పక్కనే ఉంటుంది. అందులోని 978ని, దానికి సరిపోయే రీడింగులను ఎక్కించుకుంటుంది. రికార్డు మీద సంతకం పడుతుంది. ప్రాక్టికల్ పరీక్షకు వచ్చే ఎక్స్‌టర్నల్ చూసేది కూడా జవాబు 980కి ఎంత దగ్గరగా ఉందనే. తప్పు ఎలా వచ్చిందో కనుక్కున్నందుకు ఎవరూ ఒక్క మార్కు ఇవ్వరు. నిజాయితీగా 1,086 రాసి, ఎందుకు వచ్చిందో తెలియదని రాసిన విద్యార్థికి మార్కులు పోతాయి. సైన్సు తొలి ఏడాదే అబద్ధపు రీడింగు రాయడం అలవాటైతే, ఎమ్మెస్సీ ప్రాజెక్టులో కాపీ గురించి తర్వాత గుండెలు బాదుకుని లాభం లేదు.

పక్కన నిలబడాల్సిన లెక్చరరు ఆ పూట ఎక్కడున్నాడన్నది తర్వాతి ప్రశ్న. చిన్న కాలేజీలో ఒక సబ్జెక్టుకు ఒకరుంటే గొప్ప. ఆ ఒక్కరే అడ్మిషన్ల ఇన్‌ఛార్జి, స్కాలర్‌షిప్పుల ఇన్‌ఛార్జి, న్యాక్ ఫైళ్ల ఇన్‌ఛార్జి కూడా. పోస్టు ఖాళీగా ఉంటే గెస్ట్ లెక్చరర్ వస్తారు. వారికి జీతం పీరియడ్ లెక్కన. నియామకం అడ్మిషన్లు తేలాక. ల్యాబ్ అసిస్టెంటు పదవీ విరమణ చేస్తే ఆ కుర్చీ అలాగే ఉండిపోతుంది, అటెండరే గాజు సామాను కడిగి ఆమ్లాలు పోస్తాడు. సిలబస్ యూనివర్సిటీది, ప్రశ్నపత్రం యూనివర్సిటీది. పిల్లలను పేరుపెట్టి పిలవగలిగే మాస్టారి చేతిలో ఉండేవి ఇంటర్నల్స్‌లోని ఇరవై పాతిక మార్కులు. వాటిని కూడా అందరికీ ఒకే రకంగా వేసేయడం చాలాచోట్ల ఆచారం.

ఇక రోజుల లెక్క. సెమిస్టరుకు 90 బోధనా రోజులు, 15 నుంచి 18 వారాలు ఉండాలని యూజీసీ నిబంధన. తెలంగాణలో 2016లో దోస్త్ పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆన్‌లైన్ అడ్మిషన్లు వచ్చాయి. వాటిని తీసిపారేయను. ఏ కాలేజీలో ఏముందో తెలియని పల్లె విద్యార్థికి ఆ జాబితా ఒక దారి చూపింది, దళారుల బెడద తగ్గించింది. కానీ మొదటి విడత, రెండో విడత, మూడో విడత, ఆపై ప్రత్యేక విడత అంటూ చేరికలు సాగుతుంటే, మొదటి రోజు వచ్చిన పిల్లకూ చివరి రోజు వచ్చిన పిల్లకూ పరీక్ష మాత్రం ఒకే తేదీన. 90 రోజుల్లో ఆఖరున చేరినవారికి ఎన్ని మిగులుతాయో ఏ విద్యామండలీ లెక్క కట్టి చెప్పదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగితే అవీ ఇందులోంచే పోతాయి. పెద్ద కాలేజీ ఈ కోతను ఎలాగో తట్టుకుంటుంది. నాలుగు సెక్షన్లలో ఒకటి ఆలస్యమైనా మూడు నడుస్తాయి. చిన్న కాలేజీలో పన్నెండు మందిలో అయిదుగురు ఆగస్టులో వస్తే క్లాసు ఆగస్టులోనే మొదలైనట్టు.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి తోడు గ్రూపులే విడిపోయాయి. ఎంపీసీ అంటే మూడు సబ్జెక్టులూ సమానంగా చదివే పాత పద్ధతిలో ముప్పై మంది ఉంటే లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ మూడూ బతికేవి. 2023-24లో సింగిల్ మేజర్ తెచ్చాక ఆ ముప్పై మంది మూడు దారుల్లో చీలారు. వాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్ సైన్స్ వైపు మళ్లితే ఫిజిక్స్ మేజర్‌కు ముగ్గురో నలుగురో మిగులుతారు. అంతమందికి కోర్సు నడపలేమని కాలేజీ చేతులెత్తేస్తుంది. అక్కడున్న ఫిజిక్స్ లెక్చరర్‌కు పని ఉండదు, ల్యాబుకు దుమ్ము పడుతుంది. పైగా ఆ విధానంలో మొదటి సెమిస్టరులో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలను కలిపి పైపైన పరిచయం చేసే కోర్సులు పెట్టారు. మేజర్ లోతుగా మొదలయ్యేది ఆ తర్వాతే. వేర్వేరు దారుల నుంచి వచ్చినవారిని ఒక మట్టానికి తేవాలన్న ఉద్దేశం మంచిదే. పిల్లల చేతికి మాత్రం జనరల్ నాలెడ్జి పుస్తకంలాంటిది దొరికింది. పరిచయం చేయాల్సింది పేర్లను కాదు, పరికరాలను.

మాధ్యమం సంగతి చెప్పకుండా ఈ ఏడాది గురించి మాట్లాడలేం. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లిష్ మీడియమే ఉండాలని ప్రభుత్వం నిర్ణయించింది. 1968లో పీవీ నరసింహారావు అధ్యక్షుడిగా ఏర్పడిన తెలుగు అకాడమీ దశాబ్దాలపాటు డిగ్రీ సైన్సు పుస్తకాలు తెలుగులో తెచ్చింది. వాటితో చదివి లెక్చరర్లైనవారే ఇవాళ ఇంగ్లిష్ మీడియం క్లాసులు చెబుతున్నారు. క్లాసులో వివరణ తెలుగులోనే సాగుతుంది, పరీక్షలో జవాబు ఇంగ్లిష్‌లో రాయాలి. మధ్యలోని దూరాన్ని పిల్లలు ‘ఆల్ ఇన్ వన్’ గైడ్లతో పూడ్చుకుంటారు, అంటే బట్టీతో. సైన్సుకు ఇంగ్లిష్ అక్కర్లేదని ఎవరూ అనరు. జర్నళ్లన్నీ అందులోనే ఉన్నాయి. కానీ మీడియం మార్చిన ఏడాదే కొత్త సబ్జెక్టుల్లో కొత్త ఆలోచన నేర్పాలంటే, మొదటి సెమిస్టరులో భాషకు విడిగా సమయం ఇవ్వాలి. తడబాటుకు మార్కులు కోయకూడదు.

భాష ఒక్కటే సైన్సు విద్యార్థి తొలి ఏడాదిని ఎలా కూలుస్తుందో మనకు నూట ఇరవై ఏళ్ల కిందటి ఉదాహరణ ఉంది. 1904లో శ్రీనివాస రామానుజన్ కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో స్కాలర్‌షిప్‌తో చేరారు. లెక్కలు తప్ప మరొకటి పట్టించుకోలేదు. ఇంగ్లిష్ వ్యాసరచనలో తప్పారు, స్కాలర్‌షిప్ పోయింది. 1905 ఆగస్టులో, 17 ఏళ్ల వయసులో, ఇంట్లో చెప్పకుండా రైలెక్కి విశాఖపట్నం వచ్చేశారు. అబ్బాయి కనబడటం లేదని ‘హిందూ’లో ప్రకటన కూడా వచ్చింది. రెండు మూడేళ్ల ముందే అదే విశాఖలోని ఏవీఎన్ కాలేజీ నుంచి సి.వి. రామన్ మద్రాసు ప్రెసిడెన్సీకి వెళ్లారన్నది చరిత్రలో ఒక చమత్కారం. రామన్ తండ్రి ఆ కాలేజీలోనే లెక్చరరు, ఇంటినిండా పుస్తకాలు. రామానుజన్‌కు ఇంట్లో ఆ వసతి లేదు. అయినా కుంభకోణం కాలేజీని పూర్తిగా తిట్టలేం. ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన కార్ అనే రచయిత కూర్చిన గణిత సంకలనం ఆ కాలేజీ లైబ్రరీ నుంచే చేతికందింది. పుస్తకం ఇచ్చిందీ ఆ చిన్న కాలేజీయే, పరీక్ష నిబంధన చూపి బయటకు నెట్టిందీ అదే. మార్పు కోరాల్సింది ఆ రెండో సగంలో.

అమెరికాలో పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ కాలేజీలో మొత్తం విద్యార్థులు రెండు వేలకు లోపే. మన 2040 గీతకు అది చాలదు. 1975లో వైద్యంలో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఇద్దరు, హోవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్, ఆ కాలేజీలో డిగ్రీ చదివినవారే. 2006లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న జాన్ మాథర్ కూడా. అక్కడ ఫస్టియర్ మొదటి సెమిస్టరుకు గ్రేడ్లు ఉండవు, కోర్సు గట్టెక్కారా లేదా అన్నదొక్కటే నమోదవుతుంది. ఎంఐటీలోనూ మొదటి సెమిస్టరుకు అలాంటి ఏర్పాటే. స్వార్త్‌మోర్‌కు ఉన్న నిధుల్లో నూరోవంతు మన మండల కేంద్రం కాలేజీకి లేదు కాబట్టి ఆ పోలికను అంతకన్నా సాగదీయను. కానీ మార్కుల నిబంధన మార్చడానికి నిధులు అక్కర్లేదు కదా.

మన దగ్గరా చిన్నగా ఉండి పేరు తెచ్చుకున్నవి లేకపోలేదు. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవం గుర్తుగా కర్నూలులో పెట్టిన సిల్వర్ జూబ్లీ కాలేజీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు ప్రాంతాల పిల్లలను ప్రవేశ పరీక్షతో తీసుకుని, హాస్టల్‌లో ఉంచి చదివించింది. పిల్లలు, మాస్టార్లు ఒకే ఆవరణలో సాయంత్రాలు కూడా అందుబాటులో ఉండటం దాని బలం. ఈ బలం మామూలు డే కాలేజీకి రాదు. అక్కడ సాయంత్రం బస్సుది.

బస్సు చిన్న విషయమనుకునేవారు ఒక్కసారి ఆడపిల్లల లెక్క చూడాలి. 2021-22 సర్వే ప్రకారం దేశంలో సైన్సు చదివే 57.2 లక్షల మందిలో 29.8 లక్షలు అమ్మాయిలే. మన చిన్న కాలేజీల సైన్సు క్లాసుల్లో వాళ్లు ఇంకా ఎక్కువగా కనిపిస్తారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో వాళ్లకు టికెట్ లేదు. ఇంటికీ కాలేజీకీ మధ్య దూరం ఖర్చు రీత్యా తగ్గింది. బస్సు వేళలు మాత్రం మారలేదు. ప్రాక్టికల్స్ మధ్యాహ్నం పెడతారు. ఊరికి వెళ్లే పల్లె వెలుగు నాలుగున్నరకు ఉంటే, నాలుగింటికే అమ్మాయిలు కడ్డీని ఆపేసి సంచి సర్దుకుంటారు. రెండో సగం రీడింగులు రికార్డులోంచి వచ్చేది అందుకే. అబద్ధం రాయాలన్న కోరికతో కాదు.

వీళ్లకు అందాల్సినవి మరికొన్ని ఉన్నాయి, వాటి కబురే చేరదు. బోర్డు పరీక్షల్లో మొదటి ఒక శాతంలో నిలిచి, బీఎస్సీలో మౌలిక శాస్త్రాలు చేరినవారికి కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ పథకంలో ఏడాదికి 80,000 రూపాయలు వస్తాయి. అందులో 20,000 వేసవి ప్రాజెక్టుకు. దరఖాస్తు పెట్టేది ఫస్టియర్‌లోనే. ముంబయిలోని హోమీ భాభా సైన్సు విద్యా కేంద్రం 2004 నుంచి డిగ్రీ తొలి దశలోని పిల్లల కోసం జాతీయ స్థాయి శిబిరాలు నడుపుతోంది. భౌతికశాస్త్ర అధ్యాపకుల సంఘం డిగ్రీ పిల్లలకు జాతీయ పరీక్ష పెడుతుంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే దారి ఒకటుందని ఫైనలియర్‌లో తెలిసినవారికి అప్పటికే ఆలస్యం. చిన్న కాలేజీ నోటీసు బోర్డు మీద ఫీజు గడువు తేదీ ఉంటుంది, ఇవి ఉండవు. ఒక లెక్చరరుకు ఇదే పనిగా వారానికి రెండు పీరియడ్లు కేటాయిస్తే చాలు.

చేయాల్సిన పనుల్లో భారీవి లేవు. మొదటి సెమిస్టరు మార్కులను డిగ్రీ మొత్తంలో కలపకుండా, పాసైతే చాలని ప్రకటించాలి. ఆలస్యంగా చేరినవారికి, మీడియం మారినవారికి అది ఊపిరి. ప్రాక్టికల్ మార్కుల్లో సగం అబ్జర్వేషన్ నోట్‌బుక్‌కు, అంటే అక్కడికక్కడే పెన్నుతో రాసి, కొట్టివేతలతో సహా ఉంచిన కాగితానికి ఇవ్వాలి. తప్పు రీడింగుకు కారణం కనుక్కున్నవారికి సరైన జవాబు తెచ్చినవారితో సమానంగా వేయాలి. గెస్ట్ లెక్చరర్లను అడ్మిషన్లు తేలాక కాదు, క్లాసులు మొదలయ్యే ముందే, ఏడాది మొత్తానికి తీసుకోవాలి. పక్కపక్క పట్టణాల్లోని మూడు నాలుగు కాలేజీలను కలిపి ఒకటి చేయడం కన్నా, ఖరీదైన పరికరాలను, ఒక్కో సబ్జెక్టు లెక్చరర్‌ను వాటి మధ్య పంచుకోవడం మేలు. క్లాసులు ఎక్కడివక్కడే ఉండనివ్వాలి. జాతీయ విధానాన్ని అమలు చేసే క్రమంలో యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాల్లో విలీనంతోపాటు ఇలాంటి క్లస్టర్ల మాట కూడా ఉంది. మన మండళ్లు ఆ వాక్యం దగ్గర ఆగి చదివితే బాగుండు.

వీటిలో కొన్నింటికి ఉన్నత విద్యామండళ్లు, యూనివర్సిటీలు కదలాలి. ప్రాక్టికల్స్‌ను పొద్దుటికి, థియరీని మధ్యాహ్నానికి మార్చడానికి మాత్రం జీవో అక్కర్లేదు. ప్రిన్సిపాల్ టైంటేబుల్ తిప్పి రాసి, నాలుగున్నర బస్సు గురించి డిపో మేనేజర్‌తో ఒకసారి మాట్లాడితే ఈ సెమిస్టరులోనే అయ్యే పని.